మా యమ్మ గంపలల్లుతాది

రంగు కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి, ఎనిమిది నిలువుగా పరిచి, ఎనిమిది అడ్డంగా దూరుస్తూ, "ఇదిగో, ఒకటి పైన, ఒకటి కింద. ఒకటి పైన, ఒకటి కింద" అంటూ శోభారాణి పిల్లలకు గంప అల్లడం నేర్పుతోంది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. ఎదురుగా కూర్చున్న నలభై మందీ పుంగనూరు శివారు ఎరుకల కాలనీ పిల్లలు. పళ్ళు వచ్చే వయసులో వెదురు బద్ద చీకి పెరిగిన వాళ్ళు. ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు. చర్చి వాళ్ళు ఇచ్చిన పుస్తకంలో ఏడో రోజు చేతిపని 'ఏట్లో వదిలిన బిడ్డకు కాగితపు పెట్టె' అని ఉంది, అదే చదివి వినిపించి చేయిస్తోంది.

శోభారాణి మదనపల్లెలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరు. మే నెల వస్తే బడికి సెలవులు గానీ ఆమెకు కాదు. ఎనిమిదేళ్ళుగా ఏటా పది రోజులు చర్చి తరఫున ఏదో ఒక ఊళ్ళో సెలవుల బడి నడుపుతుంది. దాన్ని అందరూ వీబీఎస్ అంటారు. పొద్దున్నే ఆరు గంటల బస్సెక్కి వస్తుంది. పాటలు, ఒక కథ, ఒక వాక్యం కంఠతా పట్టించడం, చేతిపని, చివర్లో రస్నా, బిస్కెట్లు. ఎండ ముదిరేలోగా పిల్లలు ఇళ్ళకు పోతారు. ఈ ఏడు ఈ కాలనీ.

"టీచరమ్మా" అంది ముందు వరసలో కూర్చున్న మాలతి. పదకొండేళ్ళ పిల్ల, ఐదో తరగతి అయిపోయింది. "అడుగు ఇంత వదులుగా ఉంటే నీళ్ళు దూరతాయి. బిడ్డ మునిగిపోతాడు."

పిల్లలందరూ నవ్వారు. శోభారాణి కూడా నవ్వి పట్టీలు ఆ పిల్ల చేతికిచ్చింది. మాలతి కాగితం అంచులు నాలుకతో తడి చేసుకుంది, బొటనవేలి గోటితో ఒక్కో వరసనూ కిందికి నొక్కింది, మూలల్లో కాగితాన్ని మెలిపెట్టి పైకి తిప్పింది. రెండు నిమిషాల్లో అరచేతిలో పట్టేంత గంప తయారైంది. పుస్తకంలోని బొమ్మ దాని ముందు వెలవెలబోయింది.

అప్పుడు శోభారాణి కథ చెప్పింది. ఒక రాజు మగబిడ్డలందరినీ చంపమన్నాడు. ఒక తల్లి తన బిడ్డను మూడు నెలలు దాచి, ఇక దాచలేక, జమ్ముతో పెట్టె అల్లి, నీళ్ళు దూరకుండా పూత పూసి, బిడ్డను అందులో పెట్టి ఏట్లో వదిలింది. స్నానానికి వచ్చిన రాజు కూతురు బిడ్డను చూసి ఎత్తుకుంది. గట్టున కాచుకుని ఉన్న బిడ్డ అక్క పరుగెత్తి, పాలివ్వడానికి ఒక దాదిని పిలుచుకొస్తానంది. పిలుచుకొచ్చింది ఎవరిని? కన్నతల్లినే.

పిల్లలు చప్పట్లు కొట్టారు. మాలతి మాత్రం కొట్టలేదు. "ఆ దాదే తల్లని రాజు కూతురికి ఎరుకనా?"

"లేదు. చెప్పలేదు."

"యాల?"

"చెబితే బిడ్డ బతకడు కదా."

"బిడ్డకన్నా చెప్పిందా, నేనే మీ అమ్మనని?"

పుస్తకంలో దానికి జవాబు లేదు. "దేవుడికి తెలుసు కదా, అది చాలు" అని శోభారాణి వాక్యం కంఠతా పట్టించడానికి వెళ్ళిపోయింది. గోడ అవతల నీడలో ఎవరో వెదురు చీలుస్తున్నారు. కథ మొదలైనప్పటి నుంచి టక్ టక్ మని వినిపిస్తూ ఉన్న కత్తి చప్పుడు ఆ ప్రశ్న దగ్గర ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

పిల్లలు వెళ్ళిపోయాక పాస్టరు దేవరాజులు వచ్చాడు. యాభై దాటిన మనిషి. కాలనీలో ఎవరికి జ్వరమొచ్చినా తన బండి మీద ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకుపోతాడు. అందుకే ఆయనంటే ఇక్కడ దేవుణ్ణి నమ్మిన వాళ్ళకూ గౌరవమే, నమ్మని వాళ్ళకూ గౌరవమే. సంచిలోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. కుప్పంలో ఒక ఆడపిల్లల హాస్టలు ఉంది. కూడూ గుడ్డా పెట్టి పదో తరగతి దాకా చదివిస్తారు. ఈ ఏడు కాలనీకి ఒక సీటు ఇస్తామన్నారు. శుక్రవారం ముగింపు సభకు ఆ హాస్టలుకు సాయం చేసే మేడం బెంగుళూరు నుంచి వస్తుంది, పిల్లను చూసి అప్పుడే వ్యానులో హాస్టలుకు పంపేస్తుంది.

"మాలతి పేరు అనుకుంటాండామమ్మా. చురుకైన పిల్ల. నీ చేతిరాత బాగుంటాది, నువ్వు నింపు."

శోభారాణి పెన్ను మూత తీసి చదవడం మొదలుపెట్టింది. పేరు, పుట్టిన తేదీ, తరగతి. తండ్రి, మరణించిన తేదీ. తల్లి, మరణించిన తేదీ. తల్లి బతికి ఉంటే రాయడానికి గడే లేదు. ఆమె కాగితం తిప్పి చూసింది. వెనక కూడా లేదు.

"అయ్యగారూ, మాలతికి వాళ్ళమ్మ ఉండాది కదా. ఇంతసేపూ గోడకాడ వెదురు కొడతా ఉండె."

"ఉండాది. పోయినేటి దాకా తండ్రి లేకపోయినా తీసుకునేటోళ్ళు. ఈ ఏడు ఇద్దరూ లేనోళ్ళకే అంటాండారు. నేను ఫోన్లో ఎంతో సెప్పి సూసినా."

"అట్లయితే ఇది అబద్ధం కాదా?"

దేవరాజులు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. కోపం తెచ్చుకుంటాడేమో అనుకుంది. తెచ్చుకోలేదు. "అబద్ధమే. నేను కాదనడం లేదమ్మా. దీని అక్క రేష్మను రెండేండ్ల కిందట బెంగుళూరులో అపార్టుమెంటు పనికి పంపినారు, పద్నాలుగేండ్లకు. దాన్ని తోలుకుపోయిన బ్రోకరే జూన్లో మళ్ళా వస్తాడు, దీని కోసం. అది మాత్రం అబద్ధం కాదు."

"గురుకులం ఉంది కదా అయ్యగారూ, గిరిజన పిల్లలకు."

"కుల సర్టిఫికెట్ లేకుండా యాడ తీసుకుంటారు? మూడేండ్లుగా తిరగతాండాది ఆ యమ్మ. తాత పుట్టిన ఊరు కాగితం తెమ్మంటారు. గంపలు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగినోడికి పుట్టిన ఊరేది?"

శోభారాణి పెన్ను మూత పెట్టేసింది. ఆమెకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. ఇంతకాలం ఆమె పిల్లలకు నేర్పిన పది ఆజ్ఞల్లో అబద్ధమాడకూడదన్నది ఒకటి. అయినా ఆమెను బాధపెట్టింది అదొక్కటే కాదు. తల్లి చచ్చిపోయిందని రాసిచ్చిన పిల్లను రేపు ఆ తల్లే పోయి ఇమ్మంటే ఎవరిస్తారు? పండక్కి పంపండని అడగడానికి ఆమె ఎవరు? కాగితంలో లేని మనిషి గేటు దగ్గర నిలబడి ఏం చెప్పుకుంటుంది?

"నేను రాయను అయ్యగారూ. కాగితం ఆమెకు చదివి వినిపిస్తా. వింటే ఆమే వద్దంటుంది."

"వినిపించు తల్లీ" అన్నాడు దేవరాజులు. "వినిపించాల్సిందే."

మరునాడు పన్నెండు గంటలకు శోభారాణి కాగితం పట్టుకుని మాలతి తల్లి ఆదిలక్ష్మి ఇంటికి వెళ్ళింది. ఒంటిగది కాలనీ ఇల్లు. గడప ముందు ఆదిలక్ష్మి కాళ్ళు చాపుకుని, ఒక మోకాలి మీద తోలుముక్క వేసుకుని, దాని మీద వెదురు బద్దను పెట్టి కత్తితో పలచగా చెక్కుతోంది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో, చేతులు మాత్రం అరవై ఏళ్ళవి. మాలతి లోపల పొయ్యి దగ్గర ఉంది.

"కూసోండమ్మా" అని ఆదిలక్ష్మి కొంగుతో గడప తుడిచింది. శోభారాణి కూర్చుని కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది. తెలుగులోకి మార్చి, ఒక్కో గడి దగ్గర ఆగి, అర్థమయ్యేలా చెప్పింది. 'తల్లి, మరణించిన తేదీ' దగ్గర ఆగి ఆమె ముఖంలోకి చూసింది. ఆదిలక్ష్మి చెక్కిన బద్దను వెలుగుకెత్తి ఒక కన్ను మూసి మందం చూసుకుంది.

"నిన్న అయ్యగారు కొంచెం సెప్పినారు. మీరు సక్కగా సెప్పినారు."

"ఆదిలక్ష్మమ్మా, ఇది మామూలు సంగతి కాదు. నువ్వు లేవని రాస్తారు. నువ్వు పోయి నా బిడ్డ అంటే వాళ్ళు ఒప్పుకోరు."

"అత్తనని పోతా. మా ఆయన అక్క వి.కోటలో ఉండాది, రామలక్ష్మమ్మ. ఆయమ్మ పేరు రాసి నా యేలిముద్ర యేయించుకోండి. ఏడాదికి రెండు తూర్లు సూసుకోనిస్తారంట కదా అత్తను."

"వేరే దారి చూద్దాం. నేను ఎమ్మార్వో ఆఫీసుకు వస్తా నీతో."

"మూడేండ్ల నుంచి సూస్తాండాము కదమ్మా." కత్తి ఆగలేదు. "పెద్దది ఫోన్లో ఏమడిగినా ఊఁ అంటాది. తిన్నావా అంటే ఊఁ. కొట్టినారా అంటే ఊఁ. ఇంకోటి కూడా అట్ల ఊఁ అంటే నేను ఇనలేను."

ఆదిలక్ష్మే మళ్ళీ అంది, తప్పు పట్టినట్టు కాదు, గుర్తు చేస్తున్నట్టు: "నిన్న మీరే కదమ్మా సెప్తిరి. ఆ తల్లి తల్లినని సెప్పుకోలా. దాదిగా పోయింది. సెప్పింటే బిడ్డ బతికేవాడా?"

"అది కథమ్మా."

అనేసి శోభారాణి బిత్తరపోయింది. అది కథ కాదు, నిజంగా జరిగింది అని ఎనిమిదేళ్ళుగా పిల్లల చేత అనిపిస్తూ వచ్చింది ఆమే. నోరు జారిన మాట ఎక్కడ పడిందో చూస్తున్నట్టు కాగితం వైపు వంగింది.

ఆదిలక్ష్మి ఆ మాటను పట్టించుకోలేదు. "ఒకటి అడగతా. ఆ బిడ్డ పెద్దోడైనాంక ఆ తల్లి మళ్ళా సూసిందా?"

"పుస్తకంలో రాయలేదు."

"అట్లనా." ఆమె బద్దను పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది. "తేదీ కావాలన్నారు కదా. మా ఆయన ఈరప్ప పోయిన తేదీనే రాయండి. మొలకలచెరువు కాడ టమాటా లారీ బోల్తా పడిన దినం. నేనూ ఆయనతో ఎక్కాల్సిందే ఆ పొద్దు. జొరమొచ్చి ఇంటికాడనే ఉండిపోయినా. ఎక్కినాననుకోండి. పెద్ద అబద్ధం గూడా కాదు."

లోపల పొయ్యి దగ్గర గిన్నె కిందపడింది. మాలతి దాన్ని తీయలేదు.

శోభారాణి లేచింది. "నేను రాయనమ్మా. నా చేత్తో రాయలేను."

"మీరు రాయకండి" అంది ఆదిలక్ష్మి మెత్తగా, ఆమెనే ఓదారుస్తున్నట్టు. "కీబోర్డు వాయించే పిల్లోడున్నాడే, హరీష్. ఆ యప్ప రాస్తాడంట. మీరు పాపను సూడండి. రాత్రి నుంచి అన్నం తినలా."

హరీషే రాశాడు. సాయంత్రానికి రామలక్ష్మమ్మ పేరు మీద ఆదిలక్ష్మి వేలిముద్ర కూడా పడింది. మదనపల్లె బస్సులో కిటికీ పక్కన కూర్చుని శోభారాణి తన కుడి చేతిని చూసుకుంది. ఈ చెయ్యి రాయలేదు అనుకుంది. ఆ పూటకు అదే ఆమెకు కొంచెం ధైర్యమిచ్చింది. మనిషికి తన చెయ్యి శుభ్రంగా ఉంటే చాలు, పని ఎవరి చేత్తో జరిగినా నిద్ర పడుతుంది.

గురువారం రిహార్సలు. ముగింపు సభలో మాలతి మైకు ముందు నిలబడి నాలుగు ముక్కలు చెప్పాలి. హరీష్ రాసిచ్చాడు: నా పేరు మాలతి. నాకు అమ్మా నాన్నా లేరు. దేవుడే నాకు తండ్రి. నేను బాగా చదువుకుని టీచర్నవుతాను. మాలతి మొదటి వాక్యం చెప్పింది. రెండోది వదిలేసి మూడోది చెప్పింది. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ అలాగే చెప్పింది. అయిదు సార్లు చెప్పించినా ఆ రెండో వాక్యం దగ్గర పెదాలు బిగించుకుని, ఇంతలేసి కళ్ళతో అతన్నే చూసి, దాన్ని దాటుకుని పోయింది. హరీష్ విసుక్కుని కీబోర్డు దగ్గరికి పోయాడు.

గోడ పక్కన ఆదిలక్ష్మి చెంబుతో నీళ్ళు తెచ్చి నిలబడింది. "అత్తా, నీళ్ళియ్యి అను పాపా. ఒక్కసారి అను." మాలతి నోరు తెరవలేదు. "అత్తా అను, ఇస్తా." ఎండలో పిల్ల పెదాలు ఎండిపోయి ఉన్నాయి. తల్లి చెంబు పట్టుకుని నిలబడింది, పిల్ల చేతులు కట్టుకుని నిలబడింది. చివరికి తల్లే ఓడిపోయి చెంబు పిల్ల నోటికి పెట్టింది. తాగుతున్నంతసేపూ మాలతి తల్లి ముఖంలోకే చూసింది.

శోభారాణి ఆ పిల్లను పక్కకు తీసుకుపోయి మెట్ల మీద కూర్చోబెట్టుకుంది. "ఎందుకు చెప్పవు మాలతీ? చదువుకోవాలని లేదా?"

"ఉండాది."

"మరి?"

మాలతి కాలి వేలితో మట్టి గీరింది. "మా అవ్వ ఎరుక సెప్పేది టీచరమ్మా. సోది సెప్పే గద్దె బుట్ట పట్టుకుని ఊర్లన్నీ తిరిగేది. పొట్ట కూటికి ఎన్నైనా సెప్పు గానీ, బతికినోళ్ళను సచ్చిపోయినారని మాత్రం నోటితో అనొద్దు అనేది. మనోళ్ళు అంటే ఊరికే పోదంట. జరిగి తీరతాదంట."

అలాంటివి నమ్మకూడదని ఆ పది రోజుల పుస్తకంలోనే ఒక పాఠం ఉంది. నాలుగో రోజు శోభారాణే చెప్పింది. ఇప్పుడు అది నోటికి రాలేదు. "కాగితంలో రాశారు కదా ఆల్రెడీ" అని మాత్రం అంది.

"కాగితం అంటే రాసింది. అన్నది కాదు."

ఆ తేడా శోభారాణికి తన చేతిని చూసుకున్నప్పుడు కూడా అంత బాగా అర్థం కాలేదు. ఆమె పిల్ల జడ సర్దింది. "సరే. నువ్వు అనొద్దు. మీ అమ్మ గురించి నీకు ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పు. ఆ మేడానికి తెలుగు రాదు. ఇంగ్లీషులో చెప్పేది నేనే. నేను చూసుకుంటా."

"మీరు కూడా అనగూడదు."

"అనను."

"ఒట్టు?"

ఒట్లు పెట్టుకోకూడదన్నది కూడా ఆ పుస్తకంలో ఉంది. శోభారాణి పిల్ల అరచేతిలో చెయ్యి వేసింది. మాలతి లేచి పోయి అన్నం తింది.

శుక్రవారం షామియానా వేశారు. ఫ్లెక్సీ కట్టారు. పదకొండు గంటలకు తెల్ల వ్యాను వచ్చింది, దాని వెనకే కారులో మేడం. అరవై ఏళ్ళ మనిషి. పుట్టింది ఢిల్లీ, కాపురం బెంగుళూరులో. కాటన్ చీర, పొట్టి జుట్టు, కళ్ళలో నిజమైన దయ. ఆమెను తిట్టుకోవడానికి శోభారాణి పొద్దుటి నుంచి ఎంత సిద్ధపడి ఉన్నా, కారు దిగి చెప్పులు విడిచి పిల్లలతో పాటు నేల మీద కూర్చున్న ఆమెను చూశాక అదీ చేతకాలేదు. పిల్లలు పాటలు పాడారు. వాక్యాలు అప్పజెప్పారు. కాగితపు గంపలన్నీ బల్ల మీద పేర్చి చూపించారు. మేడం ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని చూసింది.

కాలనీ అంతా వచ్చింది. పందులు మేపే శంకరప్ప వాటిని దొడ్లో తోలి వచ్చాడు. ఆడవాళ్ళు చంకల్లో పిల్లలతో చివర నిలబడ్డారు. వాళ్ళ మధ్య షామియానా గుంజను ఆనుకుని ఆదిలక్ష్మి, నెత్తిన కొంగు కప్పుకుని. ఈ పూట ఆమె వి.కోట రామలక్ష్మమ్మ. ఆ సంగతి అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. తెలియనిది మేడానికి ఒక్కదానికే. మూడు వందల మంది కలిసి ఒక అబద్ధాన్ని పడిపోకుండా పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒక్కరి ముఖంలోనూ సిగ్గు లేదు. ఎందుకుండాలి? సిగ్గుపడాల్సిన వాళ్ళు ఎక్కడో ఆఫీసుల్లో ఫ్యాను కింద ఉన్నారు.

దేవరాజులు మాలతిని పిలిచాడు. హరీష్ మైకు ఎత్తు తగ్గించాడు. మాలతి పేరు చెప్పింది. దేవుడే తండ్రి అంది. టీచర్నవుతానంది. రెండో వాక్యం లేదు. శోభారాణి అంతవరకే ఇంగ్లీషులో చెప్పింది. గండం గడిచిందనుకుంది.

మేడం లేచి వచ్చి మాలతి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల రెండు చేతులూ పట్టుకుని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. శోభారాణి తెలుగులో చెప్పింది: "మీ అమ్మ ఎలాంటిదో చెప్పమంటోంది."

మాలతి ఒకసారి గుంజ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. తర్వాత మైకులో, ఎవరో గేట్లు ఎత్తినట్టు, ఆగకుండా చెప్పింది.

"మా యమ్మ గంపలల్లుతాది. తెల్లారకముందే లేసి బద్దలు నానేస్తాది. ముందు అడుగు అల్లుతాది. అడుగు గట్టిగా ఉంటే ఎంత బరువైనా మోస్తాది అంటాది. నాకు జడ గూడా అల్లుతాది. మా యమ్మ చేతులు గరుగ్గా ఉంటాయి, తల దువ్వితే గీరుకుంటాది. అయినా నాకు మా యమ్మే దువ్వాల."

మేడం తల పైకెత్తి శోభారాణి వైపు చూసింది, చెప్పమన్నట్టు. దేవరాజులు నేల చూపులు చూస్తున్నాడు. గుంజ దగ్గర ఆదిలక్ష్మి మాత్రం కూతురి వైపు కాకుండా శోభారాణి వైపే చూస్తోంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఇప్పుడు ఏం జరగబోతుందో మాత్రం బాగా తెలుసు. కొంగు చివర నోట్లో కుక్కుకుని, రెండు చేతులూ పొట్ట దగ్గర జోడించి, దండం పెట్టీ పెట్టనట్టుగా పట్టుకుంది.

అల్లుతాది, నానేస్తాది, దువ్వాల. ఉన్నది ఉన్నట్టు చెబితే ఆ తల్లి బతికే ఉంటుంది, వ్యాను ఖాళీగా పోతుంది, జూన్లో బ్రోకరు వస్తాడు. ఇంగ్లీషులో ఒక్క మాట మారిస్తే చాలు. పదేళ్ళుగా పిల్లల నోట్సుల్లో ఆమె ఎర్ర పెన్నుతో దిద్దుతున్న మాటే అది. ఒట్టు వేసిన చెయ్యి చీర కుచ్చిళ్ళను పిడికిట్లో బిగించింది.

"హర్ మదర్ వాజ్ ఎ బాస్కెట్ మేకర్" అంది.

ఆ మొదటిది దాటాక మిగతావి వాటంతటవే వచ్చాయి. తెల్లవారుజామున లేచేది. అడుగు ముందు అల్లేది. జడ వేసేది. గరుకు చేతులుండేవి. అన్నీ గడిచిపోయిన మాటలుగానే, ఒక్క తప్పు లేకుండా చెప్పింది. ఆమె ఇంగ్లీషు ఎప్పుడూ బాగుంటుంది.

మేడం కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని మాలతిని దగ్గరికి లాక్కుంది. ఆమె భుజం మీద నుంచి మాలతి శోభారాణిని చూసింది. ఐదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో ఈజ్, వాజ్ రెండూ ఉంటాయి. ఆ పిల్ల చురుకైనదని అందరికీ తెలుసు. కోపంగా చూడలేదు, ఏడవలేదు. లెక్క తప్పు చేసిన టీచర్ని చూసినట్టు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది.

సభ అయ్యాక దేవరాజులు దగ్గరికి వచ్చి, "బిడ్డ గట్టెక్కిందమ్మా, నీ వల్లే" అన్నాడు. శోభారాణి కొళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. మళ్ళీ మళ్ళీ కడిగింది. నోరు పుక్కిలించింది. నోటితో అన్నది ఊరికే పోదని ఒక ముసలి ఎరుకలామె ఎక్కడో అంటూనే ఉంది. తనకు అలాంటి నమ్మకాలు లేవు. అయినా భయం వేసింది.

రెండు గంటలకు వ్యాను బయలుదేరాలి. పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి సాయంత్రం అవుతుంది. మాలతి కొత్త గౌను వేసుకుని వ్యాను కిటికీ దగ్గర కూర్చుంది. జడలు రెండూ బిగించి అల్లి ఉన్నాయి. ఆదిలక్ష్మి గుడ్డలో కట్టిన అన్నం డబ్బా తెచ్చి కిటికీలోంచి ఇచ్చింది. ఏదో చెప్పబోయి, మేడం వస్తుంటే ఆగి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

మేడం వచ్చి ఆదిలక్ష్మి చేతులు పట్టుకుంది. ఆ చేతుల గరుకుతనం తగిలి ఒక్క క్షణం కిందికి చూసింది. కానీ మేడం ఏమీ అనుకోలేదు. కాలనీ మొత్తం ఇవే చేతులు కదా. ఆమె ఇంగ్లీషులో ఏదో చెప్పి శోభారాణి వైపు తిరిగింది.

"తల్లి లేని పిల్లను ఇన్నాళ్ళు కన్నతల్లిలా చూసుకున్నావు, దేవుడు నిన్ను మరిచిపోడు అంటోంది" అని శోభారాణి చెప్పింది. చెప్పేటప్పుడు ఆదిలక్ష్మి ముఖంలోకి చూడలేకపోయింది.

"అయ్యో, నాదేముండాదమ్మా" అంది ఆదిలక్ష్మి. "బాగా సూసుకోండి. పొద్దున పూట పిల్లకు ఆకలెక్కువ. అడగదు. ఊరికే ఉంటాది. మీరే పెట్టాల."

అది కూడా చెప్పింది శోభారాణి. మేడం తల ఊపి, పెడతాం అన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకుంది.

డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు. పిల్లలు చుట్టూ చేరి చేతులు ఊపారు. మాలతి శోభారాణి వైపు తిరగలేదు. కిటికీ కడ్డీలు రెండు చేతులా పట్టుకుని, తల్లిని పైనుంచి కింద దాకా ఒకసారి చూసింది. గురువారం ఎండలో గొంతెండినా పలకని మాట, ఎవరూ అడగకుండానే, స్పష్టంగా, అందరికీ వినిపించేలా పలికింది.

"పొయ్యొస్తా అత్తా."

ఆదిలక్ష్మి నెత్తిన కొంగు సర్దుకుంది. "పొయ్యిరా పాపా."

వ్యాను మలుపు తిరిగే దాకా మేడం చెయ్యి ఊపుతూనే ఉంది. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ, పాప ఏమంది అని శోభారాణిని అడిగింది.

శోభారాణి చెప్పింది. ఈసారి మార్చాల్సిన మాట ఒక్కటీ లేదు.